నలభై సరుకుల హంగేరీ భాష

ఆ రోజుల్లో రాయపూర్‌లో మన తెలుగువాళ్ళెవరైనా కొత్తగా తారసపడితే ముందు ఏ ఊరని అడిగేవారు, తరవాత ఎవరబ్బాయివని అడిగేవారు. ఆ రెండింటికీ నేను ఠకీమని జవాబు చెప్పేవాణ్ణి. మూడో ప్రశ్న దగ్గరే మాట మార్చేవాణ్ణి. "పర్మనెంటేనా?" అనేది ఆ ప్రశ్న. మనిషి పొట్టిగా ఉన్నా, మెట్రిక్ రెండుసార్లు రాసినా, ముక్కు కాస్త పక్కకి తిరిగి ఉన్నా (నాకు ఈ మూడూ ఉన్నాయి) లోకం చూసీ చూడనట్టు పోయేది గానీ, టెంపరీ అన్న మాట చెవిన పడితే మాత్రం "అయ్యో పాపం" అని, ఇంట్లో ఎవరో పోయినంత మెల్లగా మాట్లాడేది. నేను ఊళ్ళో దీపాలకి కరెంటిచ్చే బిజిలీఘర్‌లో సామాన్ల కొట్టుకి గుమాస్తాని. మూడు నెలలకోసారి నా ఉద్యోగం చచ్చి మళ్ళీ పుట్టేది. మా నాన్న విజయనగరం లైనులో గూడ్సు గార్డు, మరుసటి ఏడు రిటైరు. అప్పుడు రైల్వే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. నేను పర్మనెంటయితే రాయపూర్‌లోనే ఓ చిన్న అద్దిల్లు. కాకపోతే పెట్టేబేడా సర్దుకుని విజయనగరం వెళ్ళి, పెదనాన్నగారింటి వెనక వసారాలో, పెద్దమ్మ కనుసన్నల్లో బతకాలి. మా అమ్మ ఆ వసారా పేరు ఎత్తేది కాదు. ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది.

అలాంటి సమయంలో మా బిజిలీఘర్‌కి హంగేరీ దేశం నించి పెద్ద డీజిలు ఇంజను ఒకటి పెట్టెల్లో ముక్కలుగా వచ్చింది. ఆ దేశం ఎక్కడుందో మా బడేబాబుకే తెలీదు. (బడేబాబంటే మా హెడ్డుగుమాస్తా, నాగపూర్ మనిషి, తెలీనిదాన్ని తెలిసినట్టు కళ్ళు మూసుకుని వినడంలో ఆయన్ని మించినవాణ్ణి నేను చూడలేదు.) పెట్టెల మీద రాసినదంతా ఇంగ్లీషు అక్షరాలే, కాని ఒక్క ముక్క ఇంగ్లీషు కాదు. అక్షరాల నెత్తిన చుక్కలూ, గీతలూ, పిలకలూ. మా ఖలాసీ కాకా ఒక పెట్టె చుట్టూ ప్రదక్షిణం చేసి, "ఏమా కా లిఖే హే, బాబూ?" అని, దీని మీద ఏం రాసుందని నన్నడిగితే, "సామాను పేర్లు" అన్నాను గంభీరంగా. అది అబద్ధం కాదు కదా.

వారం తిరక్కుండా బిజిలీఘర్‌కంతటికీ పెద్ద, మా సాహెబు, మమ్మల్నందర్నీ పిలిచాడు. ఇంజను బిగించడానికి ఆ దేశం నించి ఒక మేస్త్రీ వస్తున్నాడట, మూడు నెలలుంటాడట, ఆయనకి ఇంగ్లీషు రాదట, హిందీ అసలే రాదట. పని జరగాలంటే ఆయన అడిగిన సరుకు చేతికందించడానికి కొట్టులో ఒకడికైనా ఆ భాష నాలుగు ముక్కలు రావాలి. "ఎవడు నేర్చుకుంటాడో వాడి పేరు పైకి రాస్తాను, పక్కా నౌకరీకి" అన్నాడు. ఆ పక్కా అన్న మాట పూర్తికాకుండానే నా చెయ్యి పైకి లేచింది. దాన్ని నేను లేపలేదు. వసారా లేపింది.

ఒట్టి మొండిధైర్యం కాదులెండి. పెట్టెలతో పాటు ఒక కాగితం వచ్చింది: ఇంజనులో వాడినవీ, ఇక్కడ మనం సమకూర్చవలసినవీ, మొత్తం నలభై సరుకుల పేర్లు, వాళ్ళ భాషలో ఒకటి, కింద ఇంగ్లీషులో ఒకటి. ఇనుము, ఉక్కు, రాగి, తగరం, సీసం, కర్ర, తోలు, రబ్బరు, గాజు, కాగితం, అక్కణ్ణించి కిందికి ఇటుక, రాయి, ఇసక, నీళ్ళు, ఎర్తింగు గోతిలో వెయ్యడానికి బొగ్గూ ఉప్పూ దాకా. నలభై మాటలు! పంతొమ్మిదో ఎక్కం ఒప్పజెప్పినవాడికి నలభై మాటలొక లెక్కా? అక్కడే నేను చేసిన తప్పు. మన ఇళ్ళల్లో ఏది నేర్చుకున్నా ఒకటే పద్ధతి, ఎక్కాల పద్ధతి. వీధి అరుగు మీద మఠం వేసుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ, రాగంతో, మొదటినించి చివరిదాకా.

నాన్న డ్యూటీ లేని సాయంత్రాలు కాగితం పట్టుకుని కూర్చునేవాడు. "ఊఁ, స్టార్ట్" అనేవాడు, గూడ్సుబండికి చెప్పినట్టే. "వాస్ ఇనుము, ఆసెల్ ఉక్కు, రేజ్ రాగి, ఓన్ తగరం, ఓలోమ్ సీసం, ఫా కర్ర, బోర్ తోలు..." మధ్యలో ఎక్కడ తడబడినా "మొదటినించి" అనేవాడు. ముప్పై తొమ్మిదో మాట దగ్గర తప్పినా మొదటినించే. బండి ఎక్కడ ఆగిందో అక్కణ్ణించి కదిలించవచ్చు గానీ కొడుకుని మాత్రం కదిలించకూడదని ఆయన సిద్ధాంతం. నెల తిరిగేసరికి నేను కళ్ళు మూసుకుని, ఊపిరి తీసుకోకుండా, అటు బయల్దేరి ఇటు దిగిపోయేవాణ్ణి. వీధిలో పిల్లలు కూడా కొందరు అందుకున్నారు.

ఇంతలో వంటింట్లోంచి ఒక అభ్యంతరం వచ్చింది. దీపాలు పెట్టాక ఉప్పు పేరెత్తకూడదని మీకు తెలుసు కదా. మా ఇంట్లో ఆ నియమం రైల్వే టైంటేబుల్ కంటే గట్టిగా అమలయ్యేది. సంజె దాటితే ఉప్పుని అందరం "అదీ" అనేవాళ్ళం. ఆ "అదీ" ఏదో అర్థం కాక నాన్న రెండుసార్లు మజ్జిగలో ఇంగువ కలుపుకున్నాడు. అలాంటిది, దీపాలు పెట్టిన పది నిమిషాలకి నేను అరుగు మీద కూర్చుని రాగాలు తీస్తూ "సో ఉప్పు, సో ఉప్పు" అనేసరికి అమ్మ గరిటతో సహా వచ్చింది. "ఏట్రా అది? దీపాల ఏళ ఆ పేరు ఊరంతా ఇనపడేలా అరుస్తావేటి? కొంప ముంచుతావా?" అంది. పర్మనెంటు కోసమని నాన్న నా తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. చివరికి రాజీ ఏమిటంటే, చీకటి పడ్డాక వాళ్ళ మాట ఒక్కటే అనాలి, తెలుగు అనకూడదు. రెండు రోజులు పోయాక అమ్మే వంటింట్లోంచి, "ఒరే, ఆ సో డబ్బా ఇలగ అందుకో" అంది. నేను తెల్లబోయి చూస్తే, "ఏం? ఆ భాష మన లక్ష్మీదేవికి రాదు కదా, దోషం ఏటుంది?" అంది. ఇక చూసుకోండి. పక్కింటి వదినగారు సంజెవేళ చేటతో వచ్చి, "అత్తా, గుప్పెడు సో ఉంటే పెట్టవూ" అనడం మొదలుపెట్టింది. శనివారంనాడు ఇనుము ఇంటికి తేకూడదు గనక ఆరు నెలలుగా వాయిదా పడుతున్న అట్లపెనం (నాన్నకి సెలవు దొరికేది శనివారమే) ఒక శనివారం దర్జాగా ఇంటికొచ్చింది, అది ఇనప్పెనం కాదు గనక, వాస్ పెనం గనక. శనీశ్వరుడికి మా మీద కోపం వచ్చినట్టు దాఖలాలేవీ లేవు. అట్లు మాత్రం అంటుకుపోయేవి.

మేస్త్రీ వచ్చాడు. ఆరడుగుల మనిషి, దుబ్బుమీసాలు, ఎండకి కందిపోయిన మెడ. మా వాళ్ళు ఆయనకి మీసాల మేస్త్రీ అని పేరు పెట్టేశారు. (అసలు పేరు మాలో ఎవరి నోటా పలకలేదు. నేనైతే పలకడానికి ప్రయత్నించలేదు కూడా. అది నా జాబితాలో లేదు.) మొదటిరోజే ఆయన నా కాగితం చూసి, నా చేత నాలుగు మాటలు చదివించి, నొప్పి పుట్టినట్టు మొహం పెట్టి, వాస్ కాదు వష్, సో కాదు షో అని దిద్దాడు. ఆ దిద్దుబాట్లు సాయంత్రం ఇంటికి తీసికెళితే నాన్న ఎర్రసిరాతో కాగితం మీద వేసుకున్నాడు. అమ్మ ఒక్కసారి విని వంటలో వాడేసుకుంది.

అసలు కథ మర్నాడు మొదలైంది. మేస్త్రీ ఇంజను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి చాచి, "బోర్" అన్నాడు. నాకు ఆ మాట తెలుసు. తెలుసునని కూడా తెలుసు. కాని అది ఏమిటో చెప్పమంటే మాత్రం నా బుర్రలో దానికి ప్రత్యేకంగా తలుపు లేదు. అది ఏడో గది. దానిలోకి పోవాలంటే మొదటి ఆరు గదులూ దాటాలి. ఏం చేస్తాను? కళ్ళు మూసుకుని, చేతులు కట్టుకుని, ఊగుతూ అందుకున్నాను. "వష్ ఇనుము, అత్సేల్ ఉక్కు, రేజ్ రాగి..." తోలు దగ్గరికొచ్చి కళ్ళు తెరిచేసరికి మేస్త్రీ టోపీ తీసి చేత్తో పట్టుకుని, తల వంచుకుని నిలబడి ఉన్నాడు. మా దేశంలో పనికి ముందు ప్రార్థన ఇలా చేస్తారనుకున్నాడు కాబోలు. తోలు వాషరు తెచ్చి చేతిలో పెడితే మరీ భక్తిగా పుచ్చుకున్నాడు. నాలుగు రోజులకి ఆయనకి సంగతి బోధపడింది. రబ్బరు అడిగితే నిలబడే ఉండేవాడు, గాజు అడిగితే గోడకి చేరబడేవాడు, ఇటుకలాంటిదేదైనా కావలిస్తే ముందు నాకు చెప్పేసి సిగరెట్టు ముట్టించేవాడు. ఖలాసీ కాకా పక్కనే కూర్చుని తలూపుతూ తాళం వేసేవాడు. బడేబాబు కళ్ళు మూసుకుని వినేవాడు.

ఇంత చదువుకీ పరీక్ష రెండున్నర నెలలకి, సాహెబు స్వయంగా పని చూడ్డానికొచ్చిన మధ్యాహ్నం వచ్చింది. ఇంజనుకి మొదటిసారి ప్రాణం పోశారు. అది దగ్గింది, తుమ్మింది, నూనె గుడ్డల గుట్ట మీదికి ఒక నిప్పురవ్వ ఊసింది. గుడ్డలు భగ్గుమన్నాయి. మేస్త్రీ నా వైపు తిరిగి చేతులూపుతూ, "హొమొక్! హొమొక్!" అని కేకేశాడు. ఎదురుగా మంట. వెనక ఇసక బస్తాలు, నా వీపుకి ఆనుకుని. నేను కళ్ళు మూసుకుని, "వష్ ఇనుము, అత్సేల్ ఉక్కు..." అని అందుకున్నాను. దేవుడి మీద ఒట్టు, కంగారులో గొంతు ఇంకా పెద్దదైంది. సీసం దగ్గర ఎవరో నన్ను పక్కకి తోశారు. తగలబడుతున్నదాని మీద ఇసక వెయ్యాలని తెలియడానికి ఏ భాషా అక్కర్లేని కాకా, బస్తా ఎత్తి కుమ్మరించేశాడు. నేను ముప్పై మూడో మాట చేరి, "ఇసక!" అని విజయగర్వంతో కళ్ళు తెరిచేసరికి మంట ఆరి పొగ కూడా పోయింది. సాహెబు ఒక్కడే నా ఎదురుగా ఉన్నాడు. "తుమ్ యహాఁ భజన్ కర్ రహే థే?" అన్నాడు, ఇక్కడ నిలబడి భజన చేస్తున్నావా అని. నెలాఖరుకి నా మూడు నెలల ఉద్యోగం గడువు అయిపోతుంది, మళ్ళీ రాయక్కర్లేదని నా ఎదటే బడేబాబుని పిలిచి చెప్పాడు. బడేబాబు ఈసారి కళ్ళు తెరిచే విన్నాడు.

ఇంట్లో చెప్పాను. నాన్న నలభై మాటల కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "మొదటినించి చెప్పమన్నది నేనే కదరా" అన్నాడు. ఆయన అలా అనకుండా నాలుగు తిట్టినా బాగుండేది. అమ్మ గిన్నెలు కడగలేదు. "ఆ మేస్త్రీ ఎప్పుడెళిపోతాడు?" అంది. ఎల్లుండి అన్నాను. "అయితే రేపు బోయనానికి రమ్మను. ఇన్నాళ్ళూ ఆ డాకుబంగళాలో ఏం తిన్నాడో పాపం. ఉద్యోగం ఊడితే ఊడింది, పిలకుండా పంపిస్తే మాటొస్తాది" అంది. పిలవడానికి నా నలభై మాటల్లో రండి అన్నది లేదు, భోజనం అన్నది లేదు. నోటి దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. ఆయన ముందు నాకు ఆకలేస్తోందనుకుని ఒక బిస్కట్టు ఇచ్చాడు.

వచ్చాడు. పీట మీద కూర్చోవడం చేతకాక, కాళ్ళు ఓ పక్కకి చాపుకుని, విస్తరి ముందు పెద్ద ఒంటెలా ఒదిగాడు. అమ్మ కారం తగ్గించి వండింది. ఆవపెట్టిన అరటికాయ కూర, పప్పు, చారు. ఆయన తల వంచుకుని, మాట్లాడకుండా, మర్యాదగా తింటున్నాడు. పప్పు చప్పగా ఉందేమోనని అమ్మకి అనుమానం. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, దీపాలు పెట్టేశారు గనక, రోజూ మాకు చెప్పినట్టే, కాస్త గొంతు తగ్గించి అడిగింది. "షో? షో కావాలా, నాయనా?"

ఆయన చెయ్యి ఆగిపోయింది. తలెత్తి అమ్మ కేసి చూశాడు. "షో" అన్నాడు, తనకి తనే చెప్పుకున్నట్టు. మరుక్షణం ఎడంచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. అంత మనిషీ, దుబ్బుమీసాల మనిషి, మా వంటింటి ముందు భుజాలు అదురుతూ ఏడ్చాడు. రెండున్నర నెలలు నేను ఆయన మాటలు ఆయనకే గంటల తరబడి అప్పజెప్పాను, ఒక్కనాడూ ఆయనలో చలనం లేదు. అన్నం ముందు కూర్చున్నవాణ్ణి ఏం కావాలని ఆయన భాషలో అడిగినవాళ్ళు లేరు కదా. నాకు సిగ్గేసింది. ఎందుకో సరిగ్గా తెలీలేదు గానీ చాలా సిగ్గేసింది.

తరవాత ఆయన మాట్లాడ్డం మొదలుపెట్టాడు, నాతో కాదు, నాన్నతో కాదు, వంటింటి గుమ్మంతో. గలగలా, ఆగకుండా, చేతులు తిప్పుతూ. అమ్మ అడ్డు తగలకుండా వింటూ, "అవును నాయనా", "మరేటి, అంతే కదా" అంటోంది. నేను దుబాసీలా మధ్యన కూర్చుని చెవులు రిక్కించాను. ఆ ప్రవాహంలో నాకు తెలిసినవి మూడే తేలాయి. ఫా, కో, వీజ్. కర్ర, రాయి, నీళ్ళు. మొదటినించి మొదలుపెట్టకుండా, ఊగకుండా ఒక మాట నాకు అర్థం కావడం అదే మొదలు. "కర్రంటున్నాడు, రాయంటున్నాడు, నీళ్ళంటున్నాడు" అని అమ్మకి చెప్పాను. "ఇల్లు తలుచుకుంటన్నాడ్రా. ఆమాత్రం నాకు తెలీదేటి" అని ఇంకొంచెం చారు పోసింది.

మర్నాడు ఆయన బొంబాయి బండి ఎక్కేశాడు. ఎక్కే ముందు సాహెబు బల్ల మీద ఒక ఉత్తరం పెట్టి వెళ్ళాడట. దాన్ని విప్పితే పేజీ నిండా పిలకల అక్షరాలే. ఊళ్ళో ఆ భాష వచ్చినవాడు ఎవడు? నెలాఖరుకి ఇంటికి పోబోతున్న నేనే. పిలిపించారు. సాహెబూ, బడేబాబూ, గుమ్మంలో కాకా. "పఢో" అన్నాడు సాహెబు. పైనించి కిందిదాకా చూశాను. అందులో ఇనుము లేదు, ఉక్కు లేదు, ఇటుక లేదు. నాకు తెలిసిన మాట పేజీ మొత్తం మీద ఒక్కటి కనిపించింది, నడుమన, రెండుచోట్ల. షో.

అప్పుడు ఏం చెయ్యాలో మీరు చెప్పగలరు, ఎందుకంటే మీరు పెదనాన్నగారి వసారాలో ఉండబోవడం లేదు. నేను గొంతు సవరించుకుని ఎనిమిది వాక్యాలు చదివాను. ఈ కుర్రవాడు బుద్ధిమంతుడనీ, సరుకు జ్ఞానం గలవాడనీ, నిప్పు విషయంలో మాత్రం కాస్త నిదానమనీ (నమ్మాలంటే ఒక దోషం ఉండాలి), ఇలాంటివాణ్ణి వదులుకోవద్దని నా మనవి అనీ. నా గురించి అంత బాగా అంతకుముందూ ఎవరూ చెప్పలేదు, ఆ తరవాతా చెప్పలేదు. సాహెబు గడ్డం గోక్కున్నాడు. పరాయిదేశంవాడు అంతగా రాసినప్పుడు కాదంటే బాగుండదన్నాడు. బయటికొస్తుంటే కాకా నా పక్కన నడుస్తూ, బీడీ ముట్టించి, నెమ్మదిగా అడిగాడు. "ఏ దారి వష్ లే సురూ నఇ కరేవ్, బాబూ?" ఈసారి వష్ నించి మొదలుపెట్టలేదేం బాబూ, అని. నేను కొట్టు తాళాలు తీసి లెక్కపెట్టుకున్నాను. ఆయన మళ్ళీ ఎవరి దగ్గరా ఆ మాట ఎత్తలేదు.

అలా పర్మనెంటయ్యాను. ఇంటికెళ్ళి చెబితే నాన్న జేబులోంచి కాగితం తీసి దేవుడి పటం వెనక పెట్టాడు. వీధిలో అందరికీ మిఠాయి పంచాక, అమ్మ ఒక్కతీ ఉన్నప్పుడు నిజం చెప్పేశాను. ఆ ఉత్తరంలో నా ఊసు ఉందో లేదో తెలీదు, ఉన్నట్టు కనిపించింది నువ్వడిగిన మాటొక్కటే అన్నాను. అమ్మ మిఠాయి పళ్ళెం కింద పెట్టింది. అబద్ధానికి తిడుతుందనుకున్నాను. "మరి అమ్మని ఏమంటార్రా ఆళ్ళ భాషలో?" అంది. జాబితాలో లేదమ్మా అన్నాను. "నలబై నేర్చీసుకున్నావు, అదొక్కటీ అడగలేకపోయావేటి" అంది, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలనుకున్నట్టు.

ముప్పై మూడేళ్ళు ఆ కొట్టులోనే పనిచేసి, ఏ లోటూ లేకుండా రిటైరయ్యాను. ఆ ఉత్తరం పాత కాగితాల్తో పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను, ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఈ రోజుల్లో ఎవరిచేతనైనా చదివించడం పెద్ద పని కాదు. మా మనవరాలు క్షణంలో చెప్పేస్తానంటుంది. నేనే ఇవ్వను. నేను చదివిన ఎనిమిది వాక్యాలూ అందులో లేవని తేలుతుందన్న భయం ఎప్పుడో పోయింది, ఇంత పింఛను తిన్నాక ఆ భయం ఎందుకు? అది కాదు. అందులో వాళ్ళ భాషలో "అమ్మ" అనే మాట ఏదో, అది ఎన్నిసార్లుందో ఆ పిల్ల చెప్పేస్తుంది. అది వినవలసిన మనిషి ఇప్పుడు లేదు. ఆవిడ అడిగిన రోజున నాకు తెలీలేదు. అప్పుడప్పుడు ఆ పేజీ విప్పుకుని, పిలకల అక్షరాల మీద వేలు పెట్టి, ఇదై ఉంటుందా, కాకపోతే ఇదై ఉంటుందా అని వెతుక్కుంటూ, ఆ ముక్కు వంకర కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటూ ఉంటాను.